శ్రీశ్రీని ‘శ్’ అన్న సాఫ్ట్‌వేర్

నా లాప్‌టాప్ తెర మొదటిసారి చూసినవాళ్ళు సాధారణంగా రెండు ప్రశ్నలడుగుతారు. మొదటిది “పాడైపోయిందా?”, రెండోది “మరి బటన్లేవీ?”. ఐకాన్లుండవు, వాల్‌పేపరుండదు. పైన సన్నటి పట్టీలో టైము, బ్యాటరీ ఎంతుందో కనిపిస్తాయి, అంతే. మౌసు కూడా ఎక్కువగా బ్యాగులోనే ఉంటుంది. చాలా ఏళ్ళుగా ఇదే అలవాటు.

నేను వాడేది డీడబ్ల్యూఎం అనే విండో మేనేజరు, ఎస్‌టీ అనే టెర్మినలు. రెండూ ‘సక్‌లెస్’ అనే బృందానివి. 2006లో ఆన్సెల్మ్ గార్బె అనే జర్మన్ ప్రోగ్రామరు మొదలుపెట్టాడు. వాళ్ళ పట్టుదల ఎలాంటిదంటే, డీడబ్ల్యూఎం సోర్సు కోడు ఎప్పటికీ 2000 లైన్లు దాటకూడదని ముందే గిరి గీసుకున్నారు. సెట్టింగుల మెనూ ఉండదు. రంగు మార్చాలన్నా, షార్ట్‌కట్ మార్చాలన్నా కాన్ఫిగ్.హెచ్ అనే సి ఫైలు తెరిచి, దిద్ది, మళ్ళీ కంపైలు చేసుకోవాల్సిందే. కొత్త ఫీచరు కావాలంటే ఎవరో రాసిన ప్యాచ్ తెచ్చి మనమే అతికించుకోవాలి. ఇది మాకు కుదరదు బాబూ అనేవాళ్ళు రానక్కర్లేదు, వాడేవాళ్ళు కొద్దిమందే ఉంటే మాకదే హాయి అని వాళ్ళే రాసుకున్నారు కూడా.

కాస్త పొగరుగా అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది. కానీ ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని ఆ సోర్సంతా మొదటినుంచి చివరిదాకా చదివేశాను. కాఫీ టైముకి అయిపోయింది! మీరు రోజూ వాడే ప్రోగ్రాముల్లో ఎన్నింటిని అలా మొత్తం చదవగలరు చెప్పండి. ఆఫీసులో మా ప్రాజెక్టుకి బిల్డు స్క్రిప్టులే అంతకంటే ఎక్కువ. అందులో ఏ లైను ఎందుకుందో తెలిసినవాళ్ళు సగంమంది కంపెనీ మారిపోయారు.

ఈ చిన్నతనం యావ కొత్తదేం కాదు, యూనిక్స్‌తో పాటే పుట్టింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలెట్టినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్న మెషీన్లే అంత చిన్నవి. అంతకు ముందే, 1964లో, డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఒక కాగితం మీద రాసి పెట్టాడు: తోటలో నీళ్ళ గొట్టాల్లాగా ప్రోగ్రాముల్ని ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని. 1973లో అది ‘పైపు’గా యూనిక్స్‌లోకి వచ్చింది. ఒక్కో ప్రోగ్రాము ఒక్క పని చేస్తుంది, దాని ఔట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్ అవుతుంది. 1983కి వచ్చేసరికే రాబ్ పైక్ అనే బెల్ ల్యాబ్స్ ఆయన, ఫైళ్ళని కలిపి చూపించే క్యాట్ లాంటి చిన్న కమాండుకి కూడా ఆప్షన్లు తగిలిస్తున్నారేమిటని ఒక సదస్సులో తలపట్టుకున్నాడు. నలభై ఏళ్ళు దాటినా అదే గొడవ.

ఇదంతా ఛాదస్తం అనుకునేవాళ్ళకి నేను చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగ తలుపు ఒకటి బయటపడింది. మారుపేరుతో ఒకడు ఏళ్ళ తరబడి మంచివాడిలా ప్యాచులు పంపి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని దూర్చాడు. గురి ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు మీద. తమాషా ఏంటంటే, ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ అసలు ఆ లైబ్రరీని వాడనే వాడదు! సర్వరు లేచిందని సిస్టమ్‌డీకి కబురు చెప్పడం కోసం కొన్ని లినక్స్ పంపిణీల వాళ్ళు సిస్టమ్‌డీ లైబ్రరీని దానికి కలిపారు. ఆ లైబ్రరీ తనతోపాటు ఎక్స్‌జెడ్‌ని తెచ్చుకుంది. పెళ్ళికి పిలిస్తే చుట్టాలు వచ్చారు, చుట్టాలతో పాటు వాళ్ళ పక్కింటివాడొచ్చాడు, వాడు దొంగ. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపరు, లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని కూపీ లాగబట్టి దొరికింది. ఆ కబురు చెప్పడానికి నిజంగా కావలసింది ఒక సాకెట్‌లోకి ఒక చిన్న సందేశం రాయడం. ఆ సంవత్సరమే జులైలో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో వాళ్ళు ఆ పని సొంతంగా, ఏ లైబ్రరీ లేకుండా చేసేశారు.

కాబట్టి అనవసరమైన బరువు వద్దు అనే వాదానికి నేను మనసా వాచా కట్టుబడినవాణ్ణి. ఇక్కడిదాకా ఏ పేచీ లేదు. పేచీ మా ఊరి లైబ్రరీ దగ్గర వచ్చింది.

మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. మా ఊళ్ళో పాత గ్రంథాలయం ఒకటి మూతబడే దశలో ఉంటే, ఆయనా, ఆయన స్నేహితులు ఇద్దరూ కలిసి మళ్ళీ తెరిపించారు. సుమారు 1400 పుస్తకాలు. రిజిస్టరు చెదలు తినేసింది. “ఒరేయ్, కంప్యూటరుద్యోగం చేస్తున్నావు కదా, ఈ జాబితా ఎక్కించి పెట్టు” అన్నారు. రెండు సంక్రాంతి సెలవులు కలిసి టైపు చేశాం. ఎక్సెల్ వద్దనుకున్నాను. మామూలు టెక్స్టు ఫైలు, పుస్తకానికో లైను. పేరు, రచయిత, బీరువా నంబరు, మధ్యలో ట్యాబులు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరు తెరిచినా తెరుచుకోవాలని నా ఉద్దేశం.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా నడిచింది. గ్రెప్ చేసి ‘గురజాడ’ అంటే గురజాడ పుస్తకాలన్నీ వచ్చాయి. సార్ట్ చేస్తే దాదాపు అకారాది వరుసలోనే వచ్చాయి. ఈ ప్రోగ్రాములకి తెలుగు అనే భాష ఒకటుందని కూడా తెలియదు, అయినా పని చేశాయి. ఎందుకో తర్వాత చెప్తాను.

తర్వాత పుస్తకాల వీపు మీద అతికించే చీటీలు. బీరువా నంబరు, దాని కింద రచయిత పేరులో మొదటి రెండు అక్షరాలు. ఇదెంత పని? ఆక్‌లో ఒక్క లైను. రచయిత కాలమ్ తీసుకో, మొదటి రెండు అక్షరాలు ఇవ్వు. ఇచ్చింది. ప్రింటు తీసి నాన్నగారి చేతికిచ్చాను. కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటే చదివారు. ‘గుర’ రావాల్సిన గురజాడకి ‘గు’. ‘బుచ్చి’ రావాల్సిన బుచ్చిబాబుకి ‘బు’. చలానికి సున్నా ఎగిరిపోయి ‘చల’. శ్రీపాద వారికీ శ్రీశ్రీకీ ఇద్దరికీ ఒకటే: ‘శ్’.

“శ్రీశ్రీని పట్టుకుని ‘శ్’ అంటావేమిట్రా? లైబ్రరీలో మాట్లాడొద్దనా?” అన్నారు.

నవ్వొచ్చింది కానీ, ఆయన తర్వాత అన్నమాట మాత్రం గుచ్చుకుంది. నా టెర్మినల్లో జాబితా ఎలా కనిపిస్తుందో చూపిస్తే, గుణింతాలూ ఒత్తులూ రాలిపోయి హల్లుల అస్థిపంజరం మిగిలింది. “నువ్వు ఇంత గొప్పగా చెప్పే ఈ కంప్యూటరులో తెలుగు లేదన్నమాట” అన్నారు. కోపంగా కూడా కాదు. పోస్టాఫీసులో ఫారం తెలుగులో లేదని తెలిసినప్పుడు అనే మామూలు గొంతుతో.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. ‘శ్రీశ్రీ’ అనే మాటలో అక్షరాలెన్ని? ఒకటో తరగతి పిల్లాణ్ణడగండి, రెండు అంటాడు. యూనికోడ్‌లో అది శ, పొల్లు, ర, దీర్ఘం గుడి, మళ్ళీ అవే నాలుగు. మొత్తం 8 కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు కాబట్టి 24 బైట్లు. టెర్మినల్ దాన్ని గళ్ళుగా లెక్కేస్తుంది, గళ్ళ నుడికట్టు లాగా. పొల్లుకీ గుడికీ సున్నా, శకి ఒకటి, రకి ఒకటి. వెరసి 4 గళ్ళు. ఒకే మాటకి 24, 8, 4, 2. ఇందులో చివరిది మాత్రమే తెలుగువాడి లెక్క. అది ఏ ప్రోగ్రామూ అడగలేదు.

ఇంకో వింత చూడండి. ‘కి’ రాస్తే చాలా సిస్టముల్లో ఒక గడి పడుతుంది, ‘కు’ రాస్తే రెండు! గుడి పైన కూర్చుంటుంది కాబట్టి దానికి చోటు అక్కర్లేదనీ, కొమ్ము పక్కకి జరుగుతుంది కాబట్టి దానికి చోటు కావాలనీ యూనికోడ్ వాటిని రెండు జాతులుగా విడదీసింది. ఆ లెక్కన ‘కన్యాశుల్కం’ 8 గళ్ళు. మనం పలికేది నాలుగక్షరాలు.

తెలుగుని తెర మీద సరిగ్గా గీయాలంటే ఏ హల్లు కింద ఏ ఒత్తు చేరాలో, గుడి ఎక్కడ అతకాలో ఫాంటులోని పట్టికలు చూసి నిర్ణయించే ప్రోగ్రాము ఒకటి కావాలి. ఇవాళ లినక్స్ లోకంలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. బ్రౌజర్లు, ఆండ్రాయిడ్, లిబ్రాఫీస్, 27.1 నుంచీ ఈమాక్స్, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అది చిన్న లైబ్రరీ కాదు. డీడబ్ల్యూఎం, ఎస్‌టీ దాన్ని వాడవు. ఎక్స్ఎఫ్‌టీ అనే పాత, తేలికైన లైబ్రరీతో గీస్తాయి. దానికి ఒత్తుల సంగతి తెలియదు.

ఇలాంటి చిన్న ప్రాజెక్టొకదాన్ని నడిపే ఆయనకి ఉత్తరం రాశాను. ఏ ప్రాజెక్టో చెప్పను, ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. సారాంశం: ‘సంక్లిష్ట లిపులు మా పరిధిలోకి రావు. ఆ లైబ్రరీ చేరిస్తే మా ప్రోగ్రాము చిన్నదిగా ఉండదు. ప్యాచ్ రాసి నీ దగ్గర ఉంచుకో, అభ్యంతరం లేదు’.

సంక్లిష్ట లిపి! ఈ మాట నాకు పాత చుట్టం. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి సరిగ్గా ఇదే మాట పక్కనున్న గడిలో టిక్కు పెట్టాలి, పైగా సీడీ అడిగేది. సీడీ లేనివాడికి తెలుగు లేదు. మనలిపి ఎవరికి సంక్లిష్టం? మా అమ్మాయి యూకేజీలోనే ‘క్క’ రాసింది. టైపురైటరు గళ్ళల్లో ఇమడకపోతే ఆ లోపం గళ్ళదా, లిపిదా?

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయన వైపు కూడా న్యాయం ఉంది. జీతం లేకుండా, ఖాళీ టైములో నడుపుతున్నాడు. తెలుగు రాదు. తను పరీక్షించలేని కోడుని రేపు ఎవరు చూసుకుంటారు? పైన ఎక్స్‌జెడ్ కథలో మునిగిపోయింది కూడా అలాంటి ఒంటరి వాలంటీరే. ‘కాదు’ అనగలగడమే ఆ ప్రాజెక్టుని ఇన్నాళ్ళు బతికించింది.

కానీ నాకు మింగుడుపడనిది ‘అనవసరం’ అనే మాట వాడే తీరు. ఎస్‌ఎస్‌హెచ్‌కి కంప్రెషన్ లైబ్రరీ తగులుకోవడం అనవసరం. ఎవరూ అడగలేదు, ఎవరికీ ఉపయోగం లేదు. ఒత్తు సరిగ్గా కనపడటం కూడా అదే జాబితాలో ఎలా పడింది? రెండూ లైన్ల సంఖ్య పెంచుతాయి కాబట్టి. లైన్లు లెక్కపెట్టే తక్కెడకి ఈ రెండిటికీ తేడా తెలియదు. ఇంగ్లీషువాడి అవసరం మొదటి 2000 లైన్లలోనే తీరిపోతుంది గనక అది ‘ప్రాథమికం’, మనది 2001వ లైనులో మొదలవుతుంది గనక అది ‘అదనం’. గిరి గీసిన చోటే మన ఇల్లు బయట పడింది.

ఇంతకీ చిన్న సాఫ్ట్‌వేర్ అంటేనే మనల్ని బయట పెట్టడమా? కాదని చెప్పడానికి బ్రహ్మాండమైన సాక్ష్యం ఉంది. గ్రెప్ ఎందుకు పని చేసిందో చెప్తానన్నాను కదా. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నప్పుడు కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో మాట్లాడుతూ ప్లేటు కింద వేసే కాగితం మీద యూటీఎఫ్-8 గీశాడు. యూనిక్స్ పుట్టించిన థాంప్సనే, క్యాట్ ఆప్షన్ల మీద విసుక్కున్న పైకే! మొదటి బైటు చూస్తే చాలు, ఆ కోడ్ పాయింటుకి ఎన్ని బైట్లో తెలిసిపోతుంది. పాత ఇంగ్లీషు ఫైళ్ళు ఒక్క బైటు కూడా మారవు. ఒక కోడ్ పాయింటు బైట్లు ఇంకో దాని మధ్యలో పొరపాటున దొరకవు. అందుకే తెలుగు గురించి ఏమీ తెలియని గ్రెప్‌కి కూడా గురజాడ దొరికాడు. డీకోడరు రాయడానికి ఒక పేజీ చాలు. అంత చిన్నది, ప్రపంచంలో లిపులన్నీ పట్టాయి. ఎవరినీ గిరి బయట నిలబెట్టలేదు.

సక్‌లెస్ వాళ్ళని కూడా ఒకే గాటన కట్టెయ్యకూడదు. వాళ్ళ ఎస్‌బేస్‌లో ఉన్న టీఆర్ కమాండు చిన్నదే అయినా యూనికోడ్ కోడ్ పాయింట్లని గుర్తిస్తుంది. దానికి ఎన్నో రెట్లున్న గ్నూ వారి టీఆర్ ఏళ్ళ తరబడి బైట్ల దగ్గరే ఆగిపోయింది. మాటల్ని అక్షరాలుగా విడగొట్టడానికి లిబ్‌గ్రాఫీమ్ అని ఒక లైబ్రరీ కూడా అదే గూటి నుంచి వచ్చింది. కాబట్టి చిన్నది చెడ్డదీ కాదు, పెద్దది మంచిదీ కాదు.

సరే, చీటీల సంగతికొద్దాం. హార్ఫ్‌బజ్ తిరగరాసే శక్తి నాకు లేదు. కానీ ‘మొదటి రెండక్షరాలు’ తేల్చడానికి గీసే పని అక్కర్లేదు, విడగొడితే చాలు. దానికి వ్యాకరణం మా నాన్నగారి దగ్గరే ఉంది. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా, అరసున్నా, విసర్గ వస్తే ముందు అక్షరంలో కలుపు. పొల్లు తర్వాత హల్లు వస్తే అదీ ముందుదాన్లోనే కలుపు. మిగతా ఏదొచ్చినా కొత్త అక్షరం మొదలు. అంతే.

ఒక్క మినహాయింపుంది. తెలుగు టైపు చేసేవాళ్ళందరికీ తెలుసు, ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ట్ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి, లేకపోతే వకారం ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ఆ గుర్తుంటే కలపకూడదు.

సిలో నూటపాతిక లైన్లు పట్టింది. ఒక చివర జాబితా పోస్తే ఇంకో చివర మొదటి రెండక్షరాలు వస్తాయి, పైపుల మధ్యలో పెట్టుకోవచ్చు. ‘గుర’, ‘బుచ్చి’, ‘చలం’, ‘శ్రీశ్రీ’, ‘శ్రీపా’ అన్నీ సరిగ్గా వచ్చాయి. తీరా రాశాక తెలిసిందేంటంటే, యూనికోడ్ వాళ్ళు కూడా 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్లో ఇదే నియమాన్ని చేర్చారు. అంతకు ముందు వాళ్ళ లెక్క ప్రకారం కూడా ‘శ్రీ’ అంటే ‘శ్’, ‘రీ’ అని రెండు ముక్కలు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులు ఒకే అక్షరమని ప్రమాణంలో రాయడానికి, యూనికోడ్ మొదలై ముప్ఫై ఏళ్ళు దాటింది. దాన్ని చదివి అమలు చేసే ప్రోగ్రాములు ఇంకా ఒక్కొక్కటే మారుతున్నాయి.

చీటీలు అతికించడం అయిపోయింది. టెర్మినల్లో తెలుగు చదవాలంటే మాత్రం నేను ఇప్పటికీ ఆ ఒక్క పనికి వేరే ప్రోగ్రాము తెరుస్తాను. అది పెద్దది, దాని సోర్సు ఈ జన్మలో చదవలేను, కానీ ‘లక్ష్మీనారాయణ’ని లక్ష్మీనారాయణలా చూపిస్తుంది. ఆ బరువుకి నేను మొహం చిట్లించను. ఇక మీదట ఎవరైనా ఏదైనా కోడు చూపించి ఇది అనవసరం అంటే, ఎన్ని లైన్లని కాదు, ఈ లైను ఎవరికోసం ఉందని అడుగుతాను. జవాబు ‘ఎవరికీ కాదు’ అయితే సంతోషంగా తీసేద్దాం. ‘నాకు కాదు’ అయితే ఒక్క నిమిషం ఆగుదాం.

ఆ నూటపాతిక లైన్ల గురించి ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మొన్న ఒక కన్నడ మిత్రుడు వాళ్ళ ఊరి పుస్తకాలకి అది కావాలన్నాడు. యూనికోడ్‌లో మన దేశపు లిపుల్ని 1988 నాటి ఇస్కీ ప్రమాణం వరుసలోనే పేర్చారు. తెలుగు క ఉన్న చోటికి సరిగ్గా 128 కలిపితే కన్నడ క వస్తుంది. పొల్లుకీ గుణింతాలకీ కూడా అంతే. ఫైలు పంపాను. అరగంటలో చదివేసి, పైన ఒక్క అంకె మార్చి కంపైలు చేసుకున్నాడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చిన్న ప్రోగ్రాముల మీద నాకున్న ప్రేమంతా అందుకే.